నీళ్ళను దాచే మందు

పాపాయికి నలభై రెండేళ్ళు. ఆ వయసులో పాపాయి ఏమిటని కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదట్లో నవ్వుకుంటారు. ఇంట్లో చిన్నది కావడంతో పుట్టినప్పటి పిలుపు అలాగే అతుక్కుపోయింది. తండ్రి పోయాక, ఆయన నడిపిన ఆక్సిజన్ సిలిండర్ల సరఫరా పని అక్కచెల్లెళ్ళిద్దరి చేతికీ వచ్చింది. అక్క ఆఫీసు గదిలో రెండు ఫోన్ల మధ్య కూర్చుంటుంది. ఏ ఆసుపత్రికి ఎన్ని పంపాలో, ఎవరింట్లో సిలిండర్ ఏ పూటకి ఖాళీ అవుతుందో ఆమెకి కాగితం చూడకుండా తెలుసు. పాపాయిది బయటి పని. గోదాము, మూడు డీజిల్ పికప్ బండ్లు, యార్డు మూలన దిమ్మ మీద ఉన్న డీజిల్ ట్యాంకు, అన్నీ ఆమె చూసుకుంటుంది. బండ్లకి జబ్బు చేస్తే చూసేది అక్క భర్త. బావ మెకానిక్ షెడ్డు యార్డు గోడకి అవతలే ఉంది. గోడలో ఒక చిన్న ఇనుప తలుపు ఉంది. దానికి గడియే కానీ తాళం ఎప్పుడూ లేదు.

ఆ రోజు ఉదయం రెండో బండి ఎత్తురోడ్డు సగంలో ఆగిపోయింది. దాన్ని నడిపేది బాబాయి. ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు. తండ్రి కాలం నుంచీ ఉన్న డ్రైవరు కాబట్టి అక్కచెల్లెళ్ళు అలా పిలిచారు, వాళ్ళని చూసి అందరూ పిలిచారు. ఫోన్లో ఆయన గొంతు ఆయాసంగా ఉంది.

"పాపమ్మా, బండి దగ్గి దగ్గి చచ్చింది. పైన మాస్టారింట్లో సిలిండర్ ఇంకో అరగంట వస్తే గొప్పట. నేను ఒకటి భుజానేసుకుని ఎక్కేస్తున్నా. మీరు మూడో బండిని పంపండి."

"బాబాయ్, మీ వయసుకి అది..."

"వయసు సంగతి తర్వాత చూద్దాం" అని ఫోన్ పెట్టేశాడు.

పాపాయి మూడో బండిలో వెళ్ళేసరికి ఆయన మాస్టారింటి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మాస్టారి భార్య పక్కన నిలబడి పాత పత్రికతో విసురుతోంది. పిల్లలకి పాఠాలు చెప్పడం మానేసి పదేళ్ళయిన మాస్టారు, లోపల గదిలో ముక్కుకి గొట్టం పెట్టుకొని నిద్రపోతున్నారు. చిన్న సిలిండరే అయినా ఇనుము ఇనుమే. బాబాయి కుడి భుజం మీద చొక్కా కింద నుంచి ఎర్రగా గీత కనిపిస్తోంది.

బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లని బావ ఊడదీసి గుడ్డ మీద వరసగా పరిచాడు. నాలుగింట్లో మూడింటి మూతులు చెదలు తిన్నట్టు గుంటలు పడ్డాయి. మూడు నెలల కిందట మొదటి బండికీ ఇలాగే అయింది.

"ఇందులో నా తప్పేం లేదు మరదలా" అన్నాడు బావ, ఎవరూ తప్పని అనకముందే. "డీజిలే చెత్తగా వస్తోంది. నేనిచ్చిన మందు ఉంది కాబట్టి ఇన్నాళ్ళైనా నడిచింది. కొంచెం మోతాదు పెంచుదాం."

డీజిల్‌లో కలిపే ద్రావకాన్ని షెడ్డుల్లో అందరూ మందనే అంటారు. ఇది నీలం సీసా. ఆరు నెలల నుంచి యార్డు ట్యాంకు నింపినప్పుడల్లా బావే వచ్చి లెక్క ప్రకారం పోసి వెళ్తున్నాడు. సీసా మీద చాలా రాసుంది. నీళ్ళను మాయం చేస్తుంది, ఇంజెక్టర్లు కడుగుతుంది, బండికి బలం ఇస్తుంది, మైలేజీ పెంచుతుంది. వంట చేసి గిన్నెలు కూడా తోముతుందని ఒక్కటే రాయలేదని పాపాయి మొదటిరోజే నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు.

షెడ్డు నుంచి వచ్చేస్తుంటే వెనక గోడ దగ్గర పట్టా కప్పిన ఎత్తయిన వస్తువొకటి కనిపించింది. పట్టా అంచు గాలికి లేచింది. కింద మెరుస్తున్న కొత్త యంత్రం, దాని పక్కన అతికించిన నీలం రంగు బొమ్మ. సీసా మీదున్న బొమ్మే అది.

"ఇదేంటి బావా?"

"ఇంజెక్టర్లు పరీక్ష చేసే మిషను. వాడి చూడమని ఇచ్చారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు ఇస్తారులే. నీకు అన్నీ కావాలి" అని పట్టా కిందికి లాగి, దాని మీద ఇటుక పెట్టాడు.

ఆ ఇటుక పాపాయి మనసులో పడింది. కానీ బావ తనని చిన్నప్పుడు సైకిలు వెనక కూర్చోబెట్టుకొని బడికి తీసుకెళ్ళినవాడు. అక్క ఇంట్లో నిప్పు పెట్టే ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. అనుమానం ఒకసారి లేచాక ఎక్కడో ఒకచోట వాలాలి కదా. అది వేరే మనిషి మీద వాలింది.

మరుసటి ఉదయం గోదాము కిటికీలోంచి చూస్తుంటే, బాబాయి రెండో బండి బానెట్ ఎత్తి ఫిల్టర్ దగ్గర చెయ్యి పెట్టాడు. కొత్త ఇంజెక్టర్లు వేసి అప్పుడే బయటికి తెచ్చిన బండి అది. అడుగున ఉన్న చిన్న బిరడా తిప్పి, ఒక ప్లాస్టిక్ సీసాలోకి ఏదో పట్టాడు. మూత బిగించి గుడ్డలో చుట్టాడు. అటూ ఇటూ చూసి, అన్నం క్యారేజీ పెట్టుకునే సంచిలో దోపాడు. ఆ అటూ ఇటూ చూడటమే పాపాయి అనుమానానికి చోటిచ్చింది.

రెండో రోజూ అదే పని. మూడో రోజూ అదే.

"మన బాబాయా? డీజిలా?" అంది అక్క, ఫోను చేత్తో మూసి. "నీకేమైనా పిచ్చా పాపాయీ?"

"సీసా నా కళ్ళతో చూశాను. రోజుకొక సీసా. బండి ఎందుకు ఆగిపోతోందో ఇప్పుడు అర్థమవుతోంది. డీజిల్ తీసి ఇంకేదో పోస్తున్నాడేమో."

"పిలిచి లోపల కూర్చోబెట్టి అడుగు. అందరి ముందూ వద్దు."

అక్క మాట వినుంటే బాగుండేది. కానీ నాలుగో రోజు పొద్దున యార్డులో సిలిండర్లు ఎక్కిస్తుంటే, బాబాయి సంచి భుజాన తగిలించుకొని తన పక్కనుంచే వెళ్ళాడు. లోపల ఏదో గళగళమంది. పాపాయి ఆగలేకపోయింది.

"బాబాయ్, ఆ సంచి తెరవండి."

ఆయన ఆగాడు. సిలిండర్లు దొర్లించేవాళ్ళు ఆగారు. మిగిలిన ఇద్దరు డ్రైవర్లు బండ్లలోంచి తలలు బయటికి పెట్టారు.

"ఇక్కడొద్దు పాపమ్మా. లోపలికి పదండి, చెప్తాను."

"ఇక్కడే తెరవండి."

ఆయన ఇంకోసారి ఆమె ముఖంలోకి చూసి సంచి విప్పాడు. క్యారేజీ, కళ్ళజోడు పెట్టె, గుడ్డలో చుట్టిన సీసా. సీసాలో అరగ్లాసెడు పసుపురంగు డీజిల్.

"ఎక్కడిది?"

"బండిలోంచి తీసిందే."

"ఎవర్ని అడిగి తీశావు?"

ఇరవై ఏళ్ళలో ఆమె ఆయన్ని ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే తెలియలేదు. బాబాయి ముఖం మాత్రం అప్పటికే మారిపోయింది. సీసాని బానెట్ మీద పెట్టి, దాని పక్కన బండి తాళాలు పెట్టాడు.

"అందులో ఏముందో చూసి అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. "దొంగ దొరికాడనుకుని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు."

క్యారేజీ చేత్తో పట్టుకొని గేటు దాటి వెళ్ళిపోయాడు. సిలిండర్లు మళ్ళీ దొర్లడం మొదలైంది, కానీ రోజూ ఉండే కేకలు లేవు.

సీసాని పాపాయి ఆఫీసు కిటికీ గట్టు మీద పెట్టింది, సాక్ష్యం అన్నట్టు. మధ్యాహ్నం ఎండ దాని మీద పడ్డప్పుడు చూసింది. బంకులో పోసే డీజిల్ అద్దంలా ఉంటుంది, సీసా వెనక వేలు పెడితే గోరు కనబడాలి. ఇందులో ఏమీ కనబడలేదు. పాలచుక్కలు కలిపినట్టు మసకగా ఉంది. సాయంత్రానికి అడుగున ఒక చెంచాడు నీళ్ళు విడిగా చేరాయి. ఆ నీళ్ళకీ డీజిల్‌కీ నడుమ గోధుమరంగు జిగురు దారంలా వేలాడుతోంది.

అక్క వంగి చూసింది. "నీళ్ళు దొంగతనం చేసేవాణ్ణి నేనెక్కడా వినలేదే" అంది.

పాపాయి సీసాని చేతిలోకి తీసుకొని మళ్ళీ చూసింది. అయినా అనుమానం అంత తేలిగ్గా వదలదు. డీజిల్ తీసుకొని నీళ్ళు పోశాడేమో, ఆ నీళ్ళే ఇవేమో అని ఒక దారి వెతుక్కుంది. తేల్చుకోవాలని మరుసటి రోజు గాజు సీసాలు కడిగి ఆరబెట్టి, ఐదుచోట్ల నుంచి డీజిల్ పట్టింది. బంకు గొట్టం నుంచి ఒకటి, మూడు బండ్ల నుంచి మూడు, యార్డు ట్యాంకు అడుగు నుంచి ఒకటి. ఒక్కోదానికీ చీటీ కట్టి కిటికీలో వరసగా పెట్టింది. బంకుది తేటగా ఉంది. మూడు బండ్లదీ మసకగా ఉంది, బాబాయి ముట్టని బండ్లతో సహా. ట్యాంకు అడుగుదైతే సగం నీళ్ళే. వాసన చూస్తే కుళ్ళిన ఆకుల వాసన వేసింది.

ట్యాంకుకి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి తన మొలలో, ఇంకొకటి మందు పోయడానికి బావ దగ్గర. బావ ట్యాంకులో నీళ్ళెందుకు పోస్తాడు? ఎవరికి లాభం? కానీ ఆ పట్టా మీద ఇటుక ఎందుకు పెట్టాడు?

అసలు ఏ మందు వాడాలో తేల్చుకుందామన్న సాకుతో ఆమె, అందరూ పంపు డాక్టరని పిలిచే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఊరి అవతలి చివర ఒక్క గది దుకాణం. డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు తప్ప ఆయన ఇంకేదీ ముట్టడు. కళ్ళజోడుకి అదనంగా ఒక భూతద్దం తగిలించుకొని, ముందు తెల్లటి పళ్ళెం పెట్టుకొని, కంసాలిలా కూర్చుంటాడు. పాపాయి సంచిలోంచి నీలం సీసాతో పాటు మార్కెట్లో కొన్న మరో రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి తెల్ల సీసా, ఒకటి ఆకుపచ్చ మూత డబ్బా.

"ఈ మూడింట్లో ఏది మంచిదో చెప్పండి."

"అన్నీ మంచివే, అన్నీ చెడ్డవే. జబ్బేంటో చెప్పకుండా మందు అడిగితే ఎట్లా తల్లీ?"

"డీజిల్‌లో నీళ్ళు."

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. మూడు చిన్న సీసాల్లో తేటడీజిల్ పోసి, ఒక్కోదాంట్లో చెంచాడు నీళ్ళు, ఒక్కో మందు వేసి, మూతలు బిగించి గట్టిగా ఊపాడు.

తెల్ల మందు వేసిన సీసాలో నీళ్ళు వాటంతట అవే మెల్లగా కిందికి వెళ్ళాయి. "ఇది డీజిల్ త్వరగా అంటుకోవడానికి. చలికి పొద్దున్నే మొండికేసే బండికి పనికొస్తుంది. నీళ్ళ సంగతి దీనికి పట్టదు" అన్నాడు.

నీలం మందు వేసిన దాంట్లో నీళ్ళు కనబడలేదు. మొత్తం తెల్లగా పాలలా అయిపోయింది.

"నిజంగానే మాయమయ్యాయి కదండీ!" అంది పాపాయి.

"మాయం కాలేదు, దాక్కున్నాయి. ఫిల్టర్ పట్టుకోలేనంత సన్నటి చుక్కలైపోయాయి. ఇప్పుడివి డీజిల్‌తో పాటే ఇంజెక్టర్ దాకా పోతాయి. ఆ వేడికి ఆ చుక్క ఆవిరై పేలుతుంది. మూతి పగిలేది అందుకే. వెనకటి బండ్లు కాస్త తట్టుకున్నాయి, వాటి రంధ్రాలు పెద్దవి. మీ కొత్త పికప్‌లలో రంధ్రం వెంట్రుక కన్నా సన్నం."

ఆకుపచ్చ మూత మందు వేసిన సీసాలో నీళ్ళు గబగబా చుక్కలు చుక్కలుగా కలిసి అడుగుకి చేరాయి. పైన డీజిల్ తేటగా నిలిచింది.

"ఇది నీళ్ళని విడగొడుతుంది. అప్పుడు ఫిల్టర్ ఆపుతుంది. బండిలో ఎర్ర దీపం వెలుగుతుంది. అడుగు బిరడా తిప్పి నీళ్ళు వదిలేస్తే సరి. మీ డ్రైవరు చేస్తున్నది అదేగా."

పాపాయి తలెత్తింది. "మా డ్రైవరా?"

ఆయన వెనక్కి తిరిగి అలమర తెరిచాడు. పై అరలో పది పదకొండు ప్లాస్టిక్ సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ కాగితం ముక్క అంటించి ఉంది. తేదీ, బండి నంబరు. బాబాయి గుండ్రటి అక్షరాలు. సంతకం చేయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన నాలుక కొద్దిగా బయట పెట్టి రాయడం ఆమెకి కళ్ళముందు కనబడింది.

"వారానికోసారి తెచ్చి ఇస్తాడు. ఈమధ్య రోజూ తెస్తున్నాడు. ట్యాంకులో నీళ్ళున్నాయని రుజువు చేసి చూపించాలట. నోటిమాటగా చెప్తే మీ ఇంటి మనిషి మీద చాడీ చెప్పినట్టుంటుందట."

"మా ఇంటి మనిషి అంటే?"

పంపు డాక్టరు భూతద్దం పైకి తోశాడు. తర్వాత చెప్పేశాడు.

"మీ బావ మూడు నెలల కిందటే వచ్చాడు తల్లీ, మొదటి బండి ఇంజెక్టర్లు పట్టుకుని. ఇదే బల్ల మీద, ఇదే పరీక్ష చేసి చూపించాను. ఈ నీలం మందు ఆపెయ్యమని చెప్పాను. సరేనని వెళ్ళాడు."

తిరిగివచ్చిన పాపాయి ఇంటికి గానీ ఆఫీసుకి గానీ వెళ్ళలేదు. ఇనుప తలుపు గడియ తీసి నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. బావ ఒక చక్రం ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు.

"పంపు డాక్టరు దగ్గర నుంచి వస్తున్నాను."

బావ స్పానరు కింద పెట్టాడు. తీసి మళ్ళీ పట్టుకున్నాడు. "ఆ ముసలాయనకి అందరి మందులూ చేదే. ఆయన మాట వింటే మనం..."

"బావా."

అంతే అంది. ఆయన నవ్వబోయి మానేశాడు. లేచి వెళ్ళి, పట్టా మీది ఇటుక తీసి పక్కన పెట్టాడు.

"ఏడాది పాటు నా దగ్గరికొచ్చే ప్రతి బండికీ వాళ్ళ మందే వాడితే మిషను నాదైపోతుంది. మధ్యలో మానేస్తే తీసుకెళ్ళిపోతారు. ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నానో నీకు తెలుసు. ప్రతి ఇంజెక్టరూ ఇంకొకడి దుకాణానికి మోసుకెళ్ళి, చెయ్యి కట్టుకుని నిలబడటం... ట్యాంకులో నీళ్ళు లేకపోతే ఆ మందు ఎవరికీ హాని చెయ్యదు పాపాయీ. నీళ్ళెక్కడివో పట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను."

"పట్టుకున్నావా?"

బావ పట్టా అంచు సర్దాడు.

"బాబాయి నీకు చెప్పాడా, నీళ్ళు వస్తున్నాయని?"

"చెప్పాడు. నేను చూసుకుంటాను, నువ్వు ఫిల్టర్ మీద చెయ్యి వెయ్యకు అన్నాను." బావ గోడలోని ఇనుప తలుపు వైపు చూశాడు. "నువ్వు ఆ సంచి తెరిపించిన రోజు నేను ఈ తలుపు దగ్గరే ఉన్నాను. గడియ మీద చెయ్యి పెట్టాను కూడా."

పాపాయికి ఆ మాట ముందు మిగతావన్నీ చిన్నవిగా కనిపించాయి. మిషను ఆశ అర్థమవుతుంది. మందు విషయంలో తనని తాను మోసం చేసుకోవడం కూడా అర్థమవుతుంది. గడియ మీద చెయ్యి పెట్టి తియ్యకపోవడం మాత్రం మింగుడుపడలేదు.

"అక్కకి చెప్పకు" అన్నాడు.

"నేను చెప్పను. రేపు పొద్దున బండ్లు కదిలే ముందు, అందరి ముందూ నువ్వే చెప్తావు."

అక్కణ్ణుంచి ట్యాంకు దగ్గరికి వెళ్ళి, నిచ్చెన వేసుకొని పైకెక్కింది. ట్యాంకు నెత్తి మీద మూత ఉన్నచోట పళ్ళెంలా చిన్న గుంట ఉంది. వాన పడితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. మూత తిప్పి చూస్తే, చుట్టూ ఉండాల్సిన రబ్బరు చుట్ట ఎండి, రెండుచోట్ల బీటలు వారి, ముట్టుకుంటే పొడిగా రాలింది. ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆకాశమే పోసింది. ట్యాంకు అడుగు బిరడా తిప్పి నీళ్ళు వదలడం నెలకోసారి చేయాల్సిన పని. ఆఖరుసారి ఎప్పుడు చేయించిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. అందరి మీదా అనుమానపడింది గానీ, తన మొలలో వేలాడే తాళంచెవి మీద అనుమానం రాలేదు. రాలిన రబ్బరు ముక్కలు గుప్పిట్లో పట్టుకొని నిచ్చెన దిగింది.

ఎండ ఇంకా ఉండగానే బాబాయి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన ఆయన భార్య లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు. బాబాయి వసారాలో విరిగిన కుర్చీ కాలికి తాడు చుడుతున్నాడు.

"నీళ్ళు ట్యాంకులోవి బాబాయ్. మూత రబ్బరు పోయింది. అది చూసుకోవాల్సింది నేను. మందు సంగతీ తెలిసింది. నన్ను క్షమించండి."

ఆయన తాడు ముడి బిగించి, కుర్చీని నేల మీద ఆనించి కదిపి చూశాడు.

"యార్డులో అన్నారు కదమ్మా. ఇక్కడ వెనక్కి తీసుకుంటే అక్కడున్నవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది?"

"రేపు ఏడింటికి రండి."

"వస్తాను. పనికి కాదు, వినడానికి."

ఆయన అన్నట్టే వచ్చాడు. గేటు పక్కన, లోపలికీ బయటికీ కాకుండా నిలబడ్డాడు. పాపాయి అందరినీ పిలిచింది. గాజు సీసాలు బానెట్ మీద పెట్టింది. ట్యాంకు మూత గురించి, తన నిర్లక్ష్యం గురించి చెప్పింది. బాబాయి ఏం తీశాడో, ఎందుకు తీశాడో చెప్పింది. "ఆ రోజు నేను ఆయన్ని దొంగలా నిలబెట్టాను. నువ్వు అన్నాను. రెండూ తప్పే. మీ అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను" అంది.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఇనుప తలుపు మూసే ఉంది. బావ రాడేమో అనుకుంది. వెనక దారిన ఎటో వెళ్ళిపోయాడేమో అని కూడా అనుకుంది. డ్రైవర్లు తాళాలు తీసుకుంటుండగా గడియ చప్పుడైంది.

బావ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ మందు మన బండ్లకి పడలేదు. నాకూ సరిగ్గా తెలియలేదు. ఇకనుంచి మార్చేద్దాం" అన్నాడు.

ఆఫీసు మెట్ల మీద అక్క నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. లోపల ఫోను మోగుతోంది, ఆమె కదలలేదు.

"సరిగ్గా తెలియలేదా?" అంది. "నిన్న మధ్యాహ్నం పంపు డాక్టరు ఫోన్ చేశారు. చెల్లెలు ముఖం పాలిపోయి వెళ్ళింది, ఇంటికి చేరిందా అని అడగడానికి. మిగతాది నేను అడిగి తెలుసుకున్నాను. రాత్రంతా మీరు చెప్తారేమోనని చూశాను. సరిగ్గా చెప్పండి."

బావ గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి అన్నీ చెప్పాడు. మిషను సంగతి, మూడు నెలల సంగతి, గడియ సంగతి. చెప్పడం అయ్యాక బాబాయి వైపు తిరిగాడు గానీ కళ్ళెత్తలేదు.

"ఆ రోజు మాస్టారింటికి ఈయన మోసుకెళ్ళకపోయి ఉంటే?" అంది అక్క.

బాబాయే కదిలి వచ్చాడు. బానెట్ మీది సీసాల్లో ట్యాంకుదాన్ని ఎత్తి వెలుగులో చూశాడు.

"ముందు ఈ ట్యాంకు కడగాలి" అన్నాడు. "ఇది కడక్కుండా అమృతం కలిపినా లాభం లేదు."

రెండు రోజులు ట్యాంకు ఖాళీ చేసి కడిగారు. అడుగు నుంచి బురదలాంటి జిగురు బక్కెట్లకొద్దీ వచ్చింది. నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య పెరిగే పురుగుల తెట్టు అదని పంపు డాక్టరు వచ్చి చెప్పాడు. దాన్ని చంపడానికి ఒక్కసారికి వేరే మందు వేయించాడు. మూతకి కొత్త రబ్బరు పడింది, పైన రేకు గొడుగు లేచింది. ఆ తర్వాతే ఆకుపచ్చ మూత మందు మొదలుపెట్టారు, అదీ లెక్కకి చుక్క ఎక్కువ కాకుండా. కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారీ పాపాయి ముందు గాజు సీసాలో నీళ్ళు పోసి ఊపి చూస్తుంది. డబ్బా మీద రాసింది చదవడం మానేసింది. బాబాయి మరుసటి వారం నుంచి బండెక్కాడు. ఫిల్టర్ బిరడా పని తన పేరున రాయించుకున్నాకే ఎక్కాడు.

నీలం సీసాల వాళ్ళు ఒక మధ్యాహ్నం వచ్చి మిషను తీసుకెళ్ళారు. బావే నలుగురితో పాటు ఓ చెయ్యి వేసి ఎత్తించాడు. దాన్ని కట్టిన తాళ్ళు వదులుగా ఉన్నాయని మళ్ళీ బిగించాడు కూడా. ఇంజెక్టర్ల పని ఇప్పుడు పంపు డాక్టరు దగ్గరికే వెళ్తోంది. బ్రేకులు, టైర్లు బావే చూస్తాడు. పని శుభ్రంగా చేస్తాడు. పాత హాస్యాలు ఒకటీ అరా మళ్ళీ వస్తున్నాయి.

పాపాయిని మాత్రం ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. తను పంపు డాక్టరు దగ్గరికి వెళ్ళకపోయి ఉంటే బావ ఎప్పటికైనా చెప్పేవాడా? ఒకరోజు అడిగేసింది. "చెప్పేవాణ్ణే" అన్నాడు బావ, ఆలోచించకుండా. ఆ తొందర చూసి ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. ఆలోచించి చెప్పుంటే అప్పుడూ నమ్మేది కాదేమో.

ఆ మాట అక్కతో అంది. అక్క మోగుతున్న ఫోను మీద చెయ్యి పెట్టి, ఎత్తకుండా ఆగింది.

"ఇంకోసారి అడగకు పాపాయీ. ఆయన ఏం చెప్పినా నువ్వు నమ్మవు. నమ్మకపోయినా నీకు రోజు గడుస్తుంది. నేను నమ్మకపోతే ఎట్లా?" అని ఫోను ఎత్తి, చిరునామా రాసుకోవడం మొదలుపెట్టింది.

పాపాయి మళ్ళీ అడగలేదు.